విజీ కూలర్, డీప్ ఫ్రీజర్ల కరెంటు బిల్లు తగ్గాలంటే ముందు ఏం కొనాలి?

అన్నా, దేవరకొండలో కూల్‌డ్రింకుల షాపు, రెండు డీప్ ఫ్రీజర్లు, ఒక విజీ కూలర్ (గాజు తలుపున్న కూల్‌డ్రింకుల ఫ్రిజ్) అని రాశారు. ప్లగ్గులో పెట్టే పవర్ సేవర్ డబ్బా కొనాలా అని అడిగారు. దయచేసి కొనకండి. మిర్యాలగూడలో మాదీ అలాంటి షాపే. రెండేళ్ల కింద ఆ డబ్బా కొని పెట్టాను, బిల్లు ఒక్క రూపాయి తగ్గలేదు.

దాని లోపల ఉండేది చిన్న కెపాసిటర్. అది పవర్ ఫ్యాక్టర్‌ను, అంటే తీసుకున్న కరెంటులో ఎంత నిజంగా పనికి వస్తోందనే లెక్కను, కొంత సరిచేస్తుంది. కానీ మనలాంటి చిన్న షాపుల్లో బిల్లు వచ్చేది కేడబ్ల్యూహెచ్ యూనిట్ల మీద, అవేమీ తగ్గవు. మీ బిల్లు మీద కేవీఏహెచ్ (పవర్ ఫ్యాక్టర్‌ను కూడా కలిపి వేసే లెక్క) అని ఉంటే సంగతి వేరు. అప్పుడైనా లోడ్ చూసి ఎలక్ట్రీషియన్‌తో సరైన కెపాసిటర్ పెట్టించుకోవాలి.

ముందు ఒక సబ్‌మీటరు (ఒక్క మెషిను ఎన్ని యూనిట్లు తింటుందో చూపే చిన్న మీటరు) కొనండి. ఒక్కో ఫ్రీజర్‌కు, కూలర్‌కు వారం చొప్పున పెట్టి, రోజూ ఒకే టైముకు రీడింగ్ రాసుకోండి. మా పాత ఫ్రీజర్ రోజుకు 7 యూనిట్లు గుంజుతోందని నాకు అట్లనే తెలిసింది. మెకానిక్ జాలీ విప్పితే కండెన్సర్ (లోపలి వేడిని బయటికి వదిలే పైపుల చుట్ట) నిండా దుమ్ము. మా ఊళ్లో రైస్ మిల్లులెక్కువ, ఊక దుమ్ము ఎక్కడికైనా వస్తుంది. గాలి ఆడకపోతే వేడి బయటికి పోదు, కంప్రెసర్ ఆగకుండా నడుస్తుంది. బ్లోయరు కొట్టించి, ఫ్రీజర్‌ను గోడకు జానెడు దూరం జరిపాం. మూత కింద పది రూపాయల నోటు పెట్టి లాగితే ఊరికే వచ్చేసింది, అందుకని రబ్బరు కూడా మార్పించాం. అదే ఎండల్లో 5 యూనిట్లకు దిగింది. మంచు పేరుకుంటే కరిగించి తీయండి, చాకుతో గీకితే గ్యాస్ పైపుకు రంధ్రం పడుతుంది.

ఇంకా డబ్బు పెట్టగలిగితే విజీ కూలర్‌లో ట్యూబ్‌లైటు తీసి ఎల్‌ఈడీ వేయించండి. లోపల లైటు వేడిని కూడా కంప్రెసరే బయటికి తోయాలి కాబట్టి లాభం రెండు వైపులా వస్తుంది. రోజంతా తిరిగే లోపలి ఫ్యానుకు బీఎల్‌డీసీ మోటారు (తక్కువ కరెంటుతో తిరిగే రకం) వేయించినా అంతే. కొత్త ఫ్రీజర్ కొనే రోజు వస్తే, ఒకే లీటర్లున్న వాటిలో బీఈఈ స్టార్ లేబుల్ మీద ఏడాది యూనిట్లు ఎన్నో పోల్చి చూడండి.

రాత్రిళ్లు ఆపేసే టైమరు గురించి కూడా అడిగారు. ఉత్త కూల్‌డ్రింకులే ఉన్న విజీ కూలర్‌కైతే పెట్టొచ్చు. పాలు, పెరుగు ఉన్నదానికి, ఐస్‌క్రీం ఫ్రీజర్‌కు మాత్రం వద్దు. కరిగి మళ్లీ గడ్డకట్టిన ఐస్‌క్రీంను పిల్లల చేతికి ఇవ్వలేం.