ఎడమ కాలి డిఫెండర్ కలఫియోరి: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ఇంగ్లండ్ క్లబ్బు ఆర్సెనల్‌కు ఆడే ఇటలీ ఫుట్‌బాల్ డిఫెండర్ రికార్డో కలఫియోరి గురించి ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఆరింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: 16 ఏళ్ళకే మోకాలు పూర్తిగా దెబ్బతిన్న కుర్రాడు మళ్ళీ ఈ స్థాయిలో ఎలా ఆడుతున్నాడు? మా తమ్ముడికీ మోకాలి లిగమెంట్ ఆపరేషన్ అయింది. నాలుగో నెలకే నొప్పి లేదంటున్నాడు, ఆడనివ్వొచ్చా? – ఖమ్మం నుంచి ఒక పాఠకుడు

నాలుగో నెలలో వద్దు. ముందు కలఫియోరి సంగతి చూద్దాం. అతను 2002 మే 19న రోమ్ నగరంలో పుట్టాడు, చిన్నతనంలోనే రోమా క్లబ్బు అకాడమీలో చేరాడు. 2018 అక్టోబరు 2న విక్టోరియా ప్లజెన్ జట్టుతో యూత్ లీగ్ మ్యాచ్ ఆడుతుండగా ఎడమ మోకాలిలో లిగమెంట్లన్నీ తెగిపోయాయి, మెనిస్కస్‌లూ (కీలులోని మెత్తటి పొరలు) దెబ్బతిన్నాయి. ఒక్క ఏసీఎల్ (మోకాలి మధ్యలోని ముఖ్యమైన లిగమెంట్) తెగడానికీ దీనికీ చాలా తేడా ఉంది. ఏసీఎల్ ఒక్కటే అయితే మిగతా లిగమెంట్లు మోకాలిని కొంతవరకు పట్టి ఉంచుతాయి. అన్నీ పోతే పట్టి ఉంచేది ఏదీ మిగలదు. దాదాపు ఏడాది పాటు అతను మ్యాచ్‌లకు దూరంగా ఉన్నాడు. ఆ ఏడాదిని తగ్గించాలని క్లబ్బు తొందరపడలేదు. అతను నిలదొక్కుకోవడానికి అసలు కారణం అదే.

ఇక మీ తమ్ముడి విషయం. ఆపరేషన్‌లో పెట్టిన కొత్త లిగమెంట్ మొదట గట్టిగానే ఉంటుంది. తర్వాత శరీరం దాన్ని తనలో కలుపుకుంటున్న క్రమంలో, రెండు మూడు నెలల సమయంలో అది బాగా బలహీనపడి, ఆ తర్వాత మెల్లగా పుంజుకుంటుంది. నొప్పి, వాపు మాత్రం అంతకంటే ముందే తగ్గిపోతాయి. నొప్పి లేదు కదా అని మైదానంలోకి దిగినవాళ్ళే మళ్ళీ తెగ్గొట్టుకునేది ఇందుకే. కనీసం 9 నెలలు ఆగడం మంచిది. నెలలు నిండితే సరిపోదు, కొన్ని పరీక్షలు కూడా దాటాలి. మోకాలు పూర్తిగా చాపగలగాలి, వ్యాయామం చేసిన మర్నాడు వాపు రాకూడదు. తొడ ముందు కండరం బలం మంచి కాలితో పోలిస్తే 90 శాతానికి తగ్గకూడదు. ఒంటికాలి గెంతులోనూ అదే 90 శాతం రావాలి. ఇవన్నీ అయ్యాక ముందు ఒంటరిగా పరుగు, మలుపులు, ఆ తర్వాత ఎవరూ తగలని సాధన, ఆ పైన జట్టుతో పూర్తి సాధన. చిట్టచివర మ్యాచ్‌లో 20 నిమిషాలు. ఏ మెట్టు దగ్గర వాపు కనిపించినా ఒక మెట్టు వెనక్కి రావాలి. తుది మాట మీ సర్జన్‌ది, ఫిజియోది.

ప్రశ్న: సొంత ఊరి కుర్రాణ్ణి రోమా ఎందుకు వదులుకుంది? – హైదరాబాద్

ఆడే నిమిషాలు దొరకలేదు. 2020 ఆగస్టు 1న యువెంటస్‌పై 3-1తో గెలిచిన మ్యాచ్‌లో సీనియర్ జట్టుకు తొలిసారి ఆడాడు. అదే ఏడాది డిసెంబరులో యూరోపా లీగ్‌లో యంగ్ బాయ్స్‌పై దూరం నుంచి కొట్టిన గోల్‌తో పేరొచ్చింది. మరుసటి సీజన్‌లో మొరీన్యో రోమా కోచ్‌గా ఉండగా, 2021 అక్టోబరులో నార్వే జట్టు బోడో గ్లిమ్ట్ చేతిలో 6-1తో ఓడిన రాత్రి లెఫ్ట్ బ్యాక్‌గా (ఎడమ గీత పక్కన ఆడే డిఫెండర్‌గా) అతనే ఉన్నాడు. ఆ తర్వాత అవకాశాలు దాదాపు మూసుకుపోయాయి. 2022 జనవరిలో అరువుపై ఇటలీలోనే ఉన్న జెనోవా క్లబ్బుకు వెళ్ళినా అక్కడా కొద్ది మ్యాచ్‌లే. అదే ఏడాది ఆగస్టు చివర్లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ క్లబ్బుకు వెళ్ళాడు.

ఇటలీ కుర్రాళ్ళలో ఇలా దేశం దాటేవాళ్ళు తక్కువ. 18, 19 ఏళ్ళ డిఫెండర్లను పెద్ద క్లబ్బులు కింది డివిజన్లకు ఏటా ఒక ఊరు చొప్పున అరువుకు తిప్పుతుంటాయి, ఏ కోచ్‌కీ వాళ్ళను తీర్చిదిద్దే అవసరం ఉండదు. బాసెల్ అతన్ని కొనుక్కుంది, ఆడించింది. ఆ సీజన్‌లో బాసెల్ యూరప్ క్లబ్బుల మూడో స్థాయి కప్పు కాన్ఫరెన్స్ లీగ్‌లో సెమీఫైనల్ దాకా వెళ్ళి ఫియొరెంటీనా చేతిలో ఓడింది. మా దృష్టిలో అతని కెరీర్‌లో తీసుకున్న మంచి నిర్ణయం ఇదే, ఆర్సెనల్ ఒప్పందం కూడా దీని తర్వాతే.

ప్రశ్న: లెఫ్ట్ బ్యాక్‌గా మొదలైనవాడు సెంటర్ బ్యాక్ ఎలా అయ్యాడు? డిఫెండర్ బంతి పట్టుకుని ముందుకు పరుగెత్తితే వెనక ఖాళీ కాదా? – విశాఖపట్నం

ఖాళీ అవుతుంది. ఆ ఖాళీని ఎవరు పూడుస్తారన్నదే అసలు విషయం, అందుకే కాస్త వివరంగా చెప్తాం.

2023 ఆగస్టు చివర్లో ఇటలీలోని బొలోన్యా క్లబ్బు అతన్ని బాసెల్ నుంచి తీసుకుంది. అక్కడి కోచ్ తియాగో మొట్టా అతన్ని పక్క నుంచి మధ్యకు జరిపాడు. కారణాలు మూడు. ఒకటి, ఎడమ కాలి సెంటర్ బ్యాక్ (మధ్యలో ఆడే డిఫెండర్) దొరకడం అరుదు. కుడి కాలివాడు ఎడమ వైపు ఆడితే బంతిని లోపలికి తిప్పుకున్నాక గానీ పాస్ ఇవ్వలేడు. ఈలోపు ప్రత్యర్థి మీదికి వచ్చేస్తాడు. ఎడమ కాలివాడైతే బంతి అందగానే గీత పక్కన ఉన్న వింగర్‌కైనా, మధ్యలోకైనా ఒకే కదలికతో పంపగలడు. రెండు, 1.88 మీటర్ల ఎత్తు ఉన్నా అడుగులు బరువుగా పడవు, బంతి కాలికి దగ్గరే ఉంటుంది. మూడు, గీత పక్కన ఆడే డిఫెండర్‌కు ఒక వైపే దారి ఉంటుంది, మధ్యలో ఆడేవాడికి రెండు వైపులా ఉంటుంది. అతని చూపు మధ్య స్థానానికే సరిపోయింది.

పద్ధతి ఇలా ఉండేది. బొలోన్యా చేతిలో బంతి ఉన్నప్పుడు కలఫియోరి డిఫెన్స్ వరుస వదిలి మిడ్‌ఫీల్డ్‌లోకి నడిచేవాడు. ఫ్రాయిలర్ లాంటి మిడ్‌ఫీల్డర్ ఒకరు వెనక్కి జారి అతని చోట నిలబడేవాడు. ముందు స్ట్రైకర్ జిర్క్‌జీ కిందికి దిగేవాడు. దాంతో ప్రత్యర్థికి ఎవరిని ఎవరు కాపలా కాయాలో తెలిసేది కాదు. తన మనిషిని వదిలి కలఫియోరి మీదికి వస్తే ఆ వదిలినవాడికి పాస్ పోయేది, రాకపోతే కలఫియోరి ఇంకా లోపలికి వచ్చేవాడు. కబడ్డీలో పట్టుకోవడానికి ఒకడు ముందుకు దూకగానే గొలుసు తెగినట్టు ఉంటుందది.

ఇందులో తేడా వచ్చేది రెండు చోట్ల. మిడ్‌ఫీల్డర్ వెనక్కి జారడం ఆలస్యమైతే, బంతి పోయిన మరుక్షణం ఎడమ వైపు పెద్ద ఖాళీ. రెండోది, మధ్య గీత దాటాక ఒక్క తాకిడి ఎక్కువైనా బంతి పోయేది ప్రమాదకరమైన చోటే.

ఈ పద్ధతిని ఒక్క కదలికలో చూడాలంటే 2024 జూన్ 24న లైప్‌జిగ్‌లో క్రొయేషియాతో ఆడిన యూరో (యూరప్ దేశాల టోర్నీ) మ్యాచ్ చివరి నిమిషం చూడండి. మోద్రిచ్ గోల్‌తో ఇటలీ 0-1తో వెనకబడి ఉంది. 90 నిమిషాలు నిండాక కలిపిన సమయంలో ఎనిమిదో నిమిషం. కలఫియోరి తమ సగంలో బంతి తీసుకుని మధ్యలోంచి నేరుగా పరుగు తీశాడు. పాస్ ఇవ్వడానికి తొందరపడలేదు. క్రొయేషియా డిఫెండర్లు అతని మీదికి ముడుచుకుపోయేదాకా బంతి తన దగ్గరే ఉంచుకున్నాడు. వాళ్ళు లోపలికి వచ్చాకే ఎడమ వైపున్న సహచరుడు జక్కాన్యీకి జరిపాడు. జక్కాన్యీ మొదటి తాకిడికే కుడి కాలితో దూరపు మూలలోకి వంపు తిప్పి కొట్టాడు. ఆ డ్రాతోనే ఇటలీ నాకౌట్‌కు చేరింది. ఆ పాస్ ఒక్క సెకను ముందు ఇచ్చి ఉంటే జక్కాన్యీ ఎదురుగా డిఫెండర్ ఉండేవాడు.

బొలోన్యాలో ఆ సీజన్ లీగ్‌లో 30 మ్యాచ్‌లు, 2 గోల్స్, 5 అసిస్ట్‌లు (గోల్‌కు దారితీసిన పాస్‌లు). రెండు గోల్సూ యువెంటస్ మీదే, 3-3గా ముగిసిన ఒకే మ్యాచ్‌లో. క్లబ్బు అయిదో స్థానంలో నిలిచింది. 1964–65 తర్వాత తొలిసారి యూరప్ అగ్రస్థాయి కప్పులో ఆడే అర్హత తెచ్చుకుంది.

ప్రశ్న: అదే యూరోలో స్పెయిన్‌పై సెల్ఫ్ గోల్ కొట్టింది ఇతనే కదా? స్విట్జర్లాండ్‌తో మ్యాచ్ ఎందుకు ఆడలేదు? – నెల్లూరు

ఇతనే. స్పెయిన్ ఆటగాడు నీకో విలియమ్స్ ఎడమ నుంచి గోల్ ముందుకు క్రాస్ వేశాడు, అతని సహచరుడు మొరాటా తలతో తాకించాడు, ఇటలీ గోల్‌కీపర్ డొన్నరుమ్మా వేళ్ళకు తగిలి దిశ మారిన బంతి కలఫియోరి మోకాలికి కొట్టుకుని లోపలికి పోయింది. గోల్ వైపు పరుగెత్తుతున్న డిఫెండర్‌కు అంత దగ్గర్లో కాలు పక్కకు తీసే వ్యవధి ఉండదు. స్పెయిన్ 1-0తో గెలిచింది. తప్పు అతనిదని మేము అనుకోం, తప్పల్లా క్రాస్ వేయనిచ్చిన చోట జరిగింది.

ఇక యూరోలో వేర్వేరు మ్యాచ్‌ల్లో రెండు ఎల్లో కార్డులు పడితే తర్వాతి మ్యాచ్‌కు నిషేధం. క్వార్టర్ ఫైనల్ ముగిశాకే ఆ లెక్క చెరిగిపోతుంది. క్రొయేషియాతో మ్యాచ్‌లో అతనికి రెండో కార్డు పడింది. అతను లేని ఇటలీ స్విట్జర్లాండ్ చేతిలో 0-2తో ఓడి ఇంటిముఖం పట్టింది.

ప్రశ్న: ఆర్సెనల్ కట్టిన డబ్బులో పాత క్లబ్బులకూ వాటా వెళ్ళిందట. ఎలా లెక్క కడతారు? – తెనాలి

రెండు రకాల వాటాలున్నాయి, కలిపేయకండి. మొదటిది అమ్మకపు వాటా. బాసెల్ అతన్ని బొలోన్యాకు సుమారు 40 లక్షల యూరోలకు ఇచ్చేటప్పుడు, మళ్ళీ అమ్మితే వచ్చే లాభంలో పెద్ద వంతు తనకు ఇవ్వాలని రాయించుకుంది. ఉదాహరణకు 40 లక్షలకు కొన్న ఆటగాణ్ణి 4 కోట్లకు అమ్మితే లాభం 3.6 కోట్లు. వాటా 40 శాతం అనుకుంటే పాత క్లబ్బుకు 1.44 కోట్లు పోతుంది. 2024 జులైలో బొలోన్యా బేరం దిగిరాకపోవడానికి ఈ షరతే పెద్ద కారణం. చేతికి మిగిలేది తక్కువ కాబట్టి ధర పెంచక తప్పలేదు. అదనపు షరతులతో కలిపి సుమారు 4.2 కోట్ల పౌండ్లకు ఒప్పందం కుదిరిందని పత్రికలు రాశాయి.

రెండోది ఫిఫా నియమం ప్రకారం వచ్చే సంఘీభావ వాటా. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి ఆటగాడు బదిలీ అయితే, 12 నుంచి 23 ఏళ్ళ మధ్య అతన్ని తీర్చిదిద్దిన క్లబ్బులకు బదిలీ మొత్తంలో 5 శాతం దాకా పంచాలి. 12 నుంచి 15వ పుట్టినరోజు పడే నాలుగు సీజన్లకు ఒక్కో సీజన్‌కు 0.25 శాతం, 16 నుంచి 23 దాకా ఒక్కోదానికి 0.5 శాతం. కలఫియోరికి 12వ పుట్టినరోజు వచ్చింది 2013–14లో. రోమా లెక్క చూడండి: మొదటి నాలుగు సీజన్లకు 1 శాతం, తర్వాతి నాలుగింటికి 2 శాతం, జెనోవాకు వెళ్ళకముందు అర సీజన్‌కు 0.25. మొత్తం సుమారు 3.25 శాతం. 4 కోట్ల యూరోల బదిలీ అయితే 13 లక్షల యూరోలు. అతన్ని ఆడించక వదిలేసిన క్లబ్బుకు కూడా నేర్పిన సంవత్సరాల ప్రతిఫలం అందుతుందన్నమాట. ఈ నియమం న్యాయమైనదే. ఊళ్ళలోని చిన్న అకాడమీలు బతికేది ఇలాంటి డబ్బుతోనే.

ప్రశ్న: మా అబ్బాయికి 13 ఏళ్ళు, ఎడమ కాలివాడు. ఆర్సెనల్‌లో కలఫియోరి మళ్ళీ లెఫ్ట్ బ్యాక్‌గానే కదా ఆడుతున్నాడు. మావాడు ఏ స్థానం సాధన చేయాలి? – కర్నూలు

నిజమే, ఆర్సెనల్‌లో ఎక్కువగా లెఫ్ట్ బ్యాక్. కాకపోతే గీత పక్కన ఉండిపోడు, బంతి తమదైనప్పుడు మధ్యలోకి జరుగుతాడు. 2024 సెప్టెంబరు 22న మాంచెస్టర్ సిటీపై తొలి గోల్ అలా లోపలికి వచ్చి, పెనాల్టీ బాక్స్ బయటి నుంచి కొట్టిందే. కాబట్టి మీవాడికి 13 ఏళ్ళప్పుడే స్థానం ఖరారు చేయకండి. రెండు చోట్లా ఆడనివ్వండి. అవసరమైంది ఒక్కటే, బంతిని ముందుకు తీసుకెళ్ళే అలవాటు.

సాధన ఇలా పెట్టండి. 20 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు గడి గీయండి. ఒక చివర మీ అబ్బాయి, మధ్యలో ఒక ప్రత్యర్థి, అవతలి రెండు మూలల్లో చెరో సహచరుడు. ప్రత్యర్థి సుమారు రెండు మీటర్ల దగ్గరికి వచ్చేదాకా పాస్ ఇవ్వకూడదు. వాడు కదలకపోతే అవతలి గీత దాటేదాకా బంతితోనే వెళ్ళాలి. ఆరు సార్లు చేసి రెండు నిమిషాలు విశ్రాంతి, అలా మూడు విడతలు, వారానికి రెండు రోజులు చాలు. బంతి సైజు 5.

మొదట్లో పిల్లలంతా పాస్ తొందరగా ఇచ్చేస్తారు. అప్పుడు ప్రత్యర్థి తన చోటు వదలడు, ఆ పాస్‌తో ఒరిగేది ఏమీ ఉండదు. కొన్నాళ్ళకు ఉల్టాగా ఆలస్యం చేసి బంతి పోగొట్టుకుంటారు, దానికి తిట్టకండి. చూడాల్సింది తల. రెండు తాకిళ్ళకు ఒకసారైనా పైకెత్తాలి. తలదించుకుని పరుగెత్తేవాడికి సహచరుడు కనిపించడు. బంతి పోయిన ప్రతిసారీ అయిదు సెకన్లలో మొదలుపెట్టిన గీత దగ్గరికి తిరిగి పరుగెత్తాలన్న నియమం కూడా పెట్టండి. డిఫెండర్‌కు ఆ తిరుగు పరుగు రాకపోతే ముందుకు పోయే స్వేచ్ఛ ఏ కోచ్ ఇవ్వడు. మూడు విడతల్లో ఒకటి కుడి కాలితోనే చేయించండి.