ఎర్ర బంగారం నీలంగా ఎందుకు మారింది?

ప్రశ్న: ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం బంగారు నానోకణాలకు యాంటీబాడీ (ఒక ఫలానా ప్రొటీన్‌ను వెతికి పట్టుకునే అణువు) అతికించాలి. యాంటీబాడీ పోసిన కాసేపటికే ఎర్రటి ద్రావణం ఊదా రంగుకు తిరిగింది. మర్నాటికి అడుగున నల్లటి మడ్డి పేరుకుంది. బంగారం చెడిపోయిందా? అసలు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో ప్రొటీన్‌ను చూడటానికి బంగారమే ఎందుకు?
– ఒక విద్యార్థిని, హనుమకొండ

జవాబు: బంగారం చెడలేదమ్మా, కణాలు గుంపు కట్టాయి, అంతే. 20 నానోమీటర్ల కణాలు విడివిడిగా ఉన్నంతసేపూ 520 నానోమీటర్ల దగ్గర ఆకుపచ్చ కాంతిని మింగుతాయి, కాబట్టి మనకు ఎర్రగా కనిపిస్తాయి. ఒకదానికొకటి అంటుకుంటే ఊదా, ఆపైన నీలం. ఫారడే 1857లోనే ఈ రంగుల తమాషా గమనించాడు. ఆయన చేసిన బంగారు ద్రావణాలు లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఇప్పటికీ ఉన్నాయి.

నా అనుమానమంతా మీ యాంటీబాడీ సీసాలోని ఉప్పు మీదే. కణాల చుట్టూ సిట్రేట్ (బంగారం తయారీలో వాడే లవణం) ఇచ్చిన రుణావేశమే వాటిని దూరంగా ఉంచుతుంది. సెలైన్ బఫర్ (పీహెచ్ మారకుండా ఉంచే ఉప్పు ద్రావణం) తగిలిందంటే ఆ అడ్డు పోతుంది. యాంటీబాడీని ముందు డయాలిసిస్ చేసి (పల్చటి పొర సంచిలో ఉంచి ఉప్పును బయటకు పోనిచ్చి), ఉప్పు బాగా తక్కువుండే బోరేట్ బఫర్‌లోకి మార్చండి. బంగారం పీహెచ్‌ను పొటాషియం కార్బొనేట్‌తో 9 దగ్గరకు తెండి. మామూలు ఐజీజీ రకం యాంటీబాడీకి అది సరిపోతుంది. పీహెచ్ మీటర్ ఎలక్ట్రోడ్‌ను మాత్రం బంగారంలో ముంచొద్దు, మూసుకుపోతుంది. పేపర్‌తో చూసుకోండి చాలు.

తర్వాత, చాలామంది బద్ధకించే పని. వరసగా చిన్న ట్యూబులు పెట్టి, అన్నింటిలో ఒకే కొలత బంగారం, ఒక్కోదాంట్లో కాస్త కాస్త పెంచుతూ యాంటీబాడీ పోయండి. కొన్ని నిమిషాలాగి 10 శాతం ఉప్పునీళ్లు కలపండి. చాలినంత యాంటీబాడీ పట్టని ట్యూబులు నీలం తిరుగుతాయి. ఎర్రగా నిలిచిన మొదటి ట్యూబే మీ లెక్క. దానికంటే కొద్దిగా ఎక్కువ వాడండి. ఆపైన బీఎస్‌ఏ (ఆవు రక్తం నుంచి తీసే ఆల్బుమిన్ ప్రొటీన్) కలిపి, కణాల మీద మిగిలిన ఖాళీలు కప్పండి.

సెంట్రిఫ్యూజ్ చేశాక అడుగున ట్యూబు వంచితే కదిలే ఎర్రటి ముద్ద కనిపించాలి. అదే మీ సరుకు. గోడకు కరుచుకున్న నల్లటి మచ్చను వదిలేయండి. పైన తేరిన నీళ్లు తప్పక పారబోయండి. అందులోని అతకని యాంటీబాడీ ముందే వెళ్లి మీరు చూడాలనుకునే ప్రొటీన్ మీద కూర్చుంటే, బంగారానికి చోటుండదు.

ఇక బంగారమే ఎందుకంటే, ఎలక్ట్రాన్లు దాన్ని సులువుగా దాటలేవు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో అంచులు స్పష్టంగా ఉన్న నల్లటి చుక్కగా పడుతుంది. 1971లో ఫాక్, టేలర్ అనే శాస్త్రవేత్తలు సాల్మొనెల్లా బ్యాక్టీరియా పైనున్న యాంటిజెన్లను (యాంటీబాడీ పట్టుకునే అణువులను) ఇలాగే చూపించారు. 5, 15 నానోమీటర్ల కణాలు వేర్వేరు యాంటీబాడీలకు అతికిస్తే, ఒకే జీవకణంలో రెండు ప్రొటీన్ల జాడ తీయొచ్చు. గర్భనిర్ధారణ కిట్లు చాలావాటిలో కనిపించే ఎర్ర గీత కూడా యాంటీబాడీ తొడుక్కున్న ఈ బంగారమే.

కానీ చుక్క పడ్డ చోటే ప్రొటీన్ ఉందని రాసేయకండి. మధ్యలో యాంటీబాడీ పొడవుంది కదా, పది పదిహేను నానోమీటర్లు అటూ ఇటూ అవుతుంది. ఆ ప్రొటీన్ లేని నమూనాకూ ఇదే బంగారం పూసి, పక్కన ఒక గ్రిడ్ (మైక్రోస్కోపులో నమూనా ఉంచే చిన్న జాలీ) పెట్టుకోండి. అందులోనూ అన్నే చుక్కలు కనిపిస్తే గైడ్‌కు ఫొటోలు పంపకండి, బీఎస్‌ఏ దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టండి.