వ్యాసం ‘నెగెటివ్’ అని వచ్చింది, అమ్మాయిని ఏ కోర్సులో చేర్చాలి?

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర పల్లె. అమ్మాయి ఒంగోలులో ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. లెక్కలు బాగానే చేస్తుంది కానీ ఎప్పుడూ ఏదో రాసుకుంటూ ఉంటుంది. ఈమధ్య మా ఊరి ఫ్లోరైడ్ నీళ్ల మీద వ్యాసం రాసింది. తెలిసిన కుర్రాడు దాన్ని ఇంగ్లీషులోకి మార్చి ఏదో ఏఐ టూల్‌లో పెడితే ‘బాగా నెగెటివ్’ అని వచ్చింది. రేపు ఉద్యోగాలిచ్చేవాళ్లు కూడా ఇలాగే చూస్తారట. భయపడి ఆమె నోటుబుక్కు తీసి బీరువాలో పెట్టాను. బీటెక్ ఏఐ-డేటా సైన్స్‌లో చేర్చమని అందరూ అంటున్నారు. ఆమె భాషకు సంబంధించిందే చదువుతానంటోంది. రెండింట్లో ఏది మేలు? అసలు పిల్ల ఆలోచనే తేడాగా ఉందా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీరు అడిగింది కోర్సు గురించే అయినా, మీకు నిద్ర పట్టనివ్వనిది ఆ చివరి వాక్యం. పిల్లల గురించి కంప్యూటర్ ఏదో చెప్పిందని బెంగపడే ఉత్తరాలు నాకు తరచూ వస్తున్నాయి. అందుకే ముందు దానికే జవాబు చెబుతాను. మీ అమ్మాయి ఆలోచనలో ఏ తేడా లేదు. మీరు పంపిన వ్యాసం మొత్తం చదివాకే ఈ మాట అంటున్నాను. తేడా ఉన్నది ఆ టూల్ కొలిచే పద్ధతిలో.

ఆ కుర్రాడు ఏ టూల్ వాడాడో మీరు రాయలేదు. రాతలో భావం పాజిటివా, నెగెటివా చెప్పే టూల్స్‌లో ఉచితంగా దొరికి, బాగా వాడుకలో ఉన్నది వేడర్ (VADER). 2014లో అమెరికాలోని జార్జియా టెక్ పరిశోధకులు సోషల్ మీడియాలో కనిపించే పొట్టి ఇంగ్లీషు వాక్యాల కోసం దాన్ని తయారుచేశారు. దాని దగ్గర సుమారు 7,500 మాటల పట్టిక ఉంటుంది. ఒక్కో మాటకూ పదిమంది మనుషులు మైనస్ 4 నుంచి ప్లస్ 4 దాకా వేసిన మార్కుల సగటు అందులో ఉంటుంది. రాసినదాంట్లో ఆ మాటలు కనబడితే మార్కులు కూడి ఒక అంకె చెబుతుంది. రాసింది ఎవరు, ఎవరి తరఫున, ఎందుకు అన్నది దానికి పట్టదు.

ఇప్పుడు మీ అమ్మాయి వాక్యాలు చూడండి. ‘మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిపోయింది’ అని రాసింది. తాగునీటిలో అంతకు మించి ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థా చెబుతోంది, మన దేశ ప్రమాణాలూ చెబుతున్నాయి. వ్యాసంలో అన్నిటికన్నా గట్టి ఆరోపణ ఇదే. ఇలాంటి పట్టికలో దీనికి పడేది సున్నా. ‘ఫొటో తీసేటప్పుడు నవ్వమంటే మా క్లాసు పిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు’ అని ఇంకో వాక్యం. ఫ్లోరైడ్ వల్ల పళ్లు గారపట్టిన పిల్లల బాధను ఇంత సూటిగా రాసినవాళ్లను నేను పెద్దవాళ్లలో కూడా తక్కువే చూశాను. టూల్‌కు అందులో దొరికేది ‘నవ్వు’ ఒక్కటే, కాబట్టి ప్లస్. ‘సురక్షితమైన నీళ్లిస్తామని ప్రతిసారీ మాట ఇస్తారు’ అన్న దెప్పిపొడుపు కూడా ప్లస్సే. వాళ్ల తాత కీళ్ల నొప్పులు, విషం, బాధ ఇవన్నీ మైనస్. మైనస్‌లు ఎక్కువయ్యాయి కాబట్టి ‘నెగెటివ్’ అని తేల్చింది. ఆ పిల్ల అడిగింది ఊరికి మంచినీళ్లు.

అభిప్రాయం చెప్పే రాతలన్నిటితోనూ ఈ చిక్కు ఉంది. చెడును ఎదిరించాలంటే దాని పేరెత్తక తప్పదు. అవతలివాళ్ల వాదన ముందు చెప్పి తర్వాత ఖండిస్తాం, యంత్రం రెండూ మన మాటలే అనుకుంటుంది. వెటకారం సంగతి సరేసరి. కెనడా పరిశోధకుడు పీటర్ టర్నీ 2002లోనే రివ్యూ మెచ్చుకునేదా, తెగిడేదా అని మాటలను బట్టి చెప్పే ఒక పద్ధతిని పరీక్షించాడు. కార్ల రివ్యూల్లో 84 శాతం సరిగ్గా చెప్పిన ఆ పద్ధతి సినిమా రివ్యూల్లో 66 శాతానికి పడిపోయింది. కారు గురించి ‘భయంకరం’ అంటే కారు బాగాలేదనే. సినిమా విషయంలో ఆ మాట విలన్‌ను మెచ్చుకోవడానికి కూడా వాడతారు. మన తెలుగులో ‘పాటలు బాగుంటే ఇంకా బాగుండేది’ అంటాం. రెండుసార్లు ‘బాగు’ వచ్చినా, చెప్పింది పాటలు బాగాలేవనే.

చాట్‌జీపీటీ లాంటి ఇప్పటి పెద్ద భాషా మోడళ్లు ఇలాంటివి చాలా మెరుగ్గా పట్టుకుంటాయి, కాదనను. కానీ పాజిటివా నెగెటివా ఒక్క ముక్కలో చెప్పమంటే, నీళ్ల మీద కోపం, ఊరి మీద ప్రేమ రెండూ ఆ ముక్కలో ఎలా పడతాయి?

మీతో కాస్త కటువుగానే మాట్లాడాలి. పుట్టినప్పటి నుంచి చూస్తున్న కూతురి గురించి, పరాయి భాషలోకి మార్చిన కాగితం మీద వచ్చిన ఒక అంకెను నమ్మారు. ఆ వ్యాసంలో ఉన్న తాత మీ నాన్నగారే కదా. పిల్ల రాసింది అబద్ధమని మీరెక్కడా అనలేదు. నిజం రాసినందుకు నోటుబుక్కు లాక్కోవడం అన్యాయమండీ. ఈరోజే ఇచ్చేయండి. ఉద్యోగాల భయం కూడా వద్దు. కొన్ని కంపెనీలు దరఖాస్తులను సాఫ్ట్‌వేర్‌తో వడపోస్తాయి, అది నిజమే. అక్కడ ముఖ్యంగా చూసేది చదువు, నైపుణ్యాలు.

ఇక కోర్సు. ఏఐ-డేటా సైన్స్ బ్రాంచి ఇప్పుడు మన చుట్టుపక్కల ఎన్నో కాలేజీల్లో ఉంది. నాకు దాని మీద అనుమానాలున్నాయి. పేరు కొత్తది పెట్టి, పాఠం చెప్పేవాళ్లను మాత్రం పాతవాళ్లనే ఉంచిన చోట్లు చూశాను. ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా గట్టిగా చెప్పకుండా టూల్స్ నొక్కడం నేర్పితే, ఆ పిల్లలు మీకు ‘నెగెటివ్’ అని చెప్పిన కుర్రాడిలాగే తయారవుతారు. అంకె చెప్పగలరు, అది ఎందుకొచ్చిందో చెప్పలేరు. చేర్చాలనుకుంటే కాలేజీకి వెళ్లి ఆ సబ్జెక్టులు ఎవరు చెబుతున్నారో అడగండి. మామూలు సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) మంచి కాలేజీలో దొరికితే దానికే నా ఓటు.

ఆమె కోరికను పిచ్చి కోరిక అనుకోకండి. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో కంప్యూటేషనల్ లింగ్విస్టిక్స్, అంటే కంప్యూటర్‌తో భాషను విశ్లేషించే శాస్త్రంలో ఐదేళ్ల కోర్సు ఉంది. అటు బీటెక్ కంప్యూటర్ సైన్స్, ఇటు భాష మీద పరిశోధనతో ఎంఎస్, రెండు పట్టాలూ వస్తాయి. తెలుగు రాతల్లో భావాన్ని యంత్రం ఎలా గుర్తించాలన్న పరిశోధన అక్కడ జరిగింది కూడా. లెక్కలు వచ్చి, వాక్యం బరువు తెలిసిన పిల్లకు సరిపోయే చోటు అది. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ, కాబట్టి ఈఏపీసెట్ ప్రిపరేషన్ మాననివ్వకండి. తర్వాతైనా దారి మూసుకుపోదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో భాషాశాస్త్రం ఎంఏ ఉంది.

ట్రిపుల్ ఐటీ ప్రవేశ పరీక్ష యూజీఈఈ వివరాలు ఆ సంస్థ వెబ్‌సైట్‌లోనే చూడండి, మధ్యలో ఎవరికీ డబ్బు కట్టొద్దు. రాతపరీక్ష దాటితే ఇంటర్వ్యూ ఉంటుంది. దానికి ఇప్పటినుంచే ఒక పని మొదలుపెట్టమనండి. వేడర్ పట్టిక ఉచితంగా దొరుకుతుంది. తన వ్యాసం ఇంగ్లీషు ప్రతిని పక్కన పెట్టుకుని, ఏ వాక్యానికి ఎంత మార్కు పడిందో, ఎక్కడ తప్పిందో తానే రాసుకోమనండి.