అంతా చెప్పేశాక ఆమె దూరమైంది, తప్పు నాదేనా?

మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. చిన్నప్పుడు ఇంట్లో తిన్న దెబ్బల గురించి ఇరవై ఏళ్లుగా ఎవరికీ చెప్పలేదన్నారు, సెలవు రోజుల్లో ఎవరితోనూ ఒక్క మాటైనా లేకుండానే పొద్దుపోతుందన్నారు. మీలాంటి అమ్మాయే ఒక స్నేహితుడి తోడుతో కోలుకున్న నవల చదివి, ధైర్యం తెచ్చుకుని, మర్నాడే ఆఫీసులో ఒకామెకు అంతా చెప్పేశారు. అప్పట్నుంచి ఆమె ముభావంగా ఉంటోంది. ‘స్నేహంతో మనసు బాగుపడటం నవలల్లోనేనా?’ అని అడిగారు.

కాదు, బయటా జరుగుతుంది. కాకపోతే నెలల తరబడి నడిచిన స్నేహాన్ని మీరు రెండు రాత్రుల్లో చదివేశారు, అక్కడే చిక్కొచ్చింది. జెఫ్రీ హాల్ అనే అమెరికా పరిశోధకుడు 2018లో వేసిన అంచనా ప్రకారం, పరిచయం మామూలు స్నేహంగా మారడానికి సుమారు 50 గంటలు, గాఢ స్నేహం కావడానికి 200 గంటలకు పైగా కలిసి గడపాలి. పక్కపక్క సీట్లలో పనిచేసిన గంటలు అందులో పెద్దగా లెక్కకు రావు కూడా! మీ ఇద్దరి మధ్య ఉన్నవి ఎక్కువగా అవే కదా.

ఆమె మౌనాన్ని అసహ్యం అనుకోకండి, ఏం మాట్లాడాలో తెలియక తప్పుకుంటూ ఉండొచ్చు. ‘ఆ రోజు ఒక్కసారే చాలా చెప్పేశాను, మీరేమీ చెయ్యక్కర్లేదు, విన్నందుకు థాంక్స్’ అనేసి, మళ్లీ మామూలు కబుర్లలోకి వెళ్లండి. ఆ నవలలో స్నేహితుడు చాలాకాలం ఆ అమ్మాయిని గతం గురించి అడగనే లేదని, ఊరికే కలిసి నడిచేవాడని మీరే రాశారు. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. మీకూ ముందు కావాల్సింది అలాంటి తోడు.

తలుపు గట్టిగా మూసినా ఒళ్లు వణుకుతుందన్నారే, దాన్ని మాత్రం ఏ స్నేహితురాలి మీదా పెట్టకండి, అది సైకాలజిస్టు చూడాల్సిన పని. చిన్ననాటి గాయాలకు ట్రామా మీద దృష్టి పెట్టే సీబీటీ (ఆలోచనల తీరు మార్చే మాటల చికిత్స), ఈఎండీఆర్ (కళ్ల కదలికల సాయంతో పాత జ్ఞాపకాల బాధ తగ్గించేది) లాంటి చికిత్సలున్నాయి, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే వాటిని సిఫార్సు చేసింది. మొదటిరోజే అంతా చెప్పమని మంచి థెరపిస్టు ఎవరూ ఒత్తిడి చెయ్యరు, టెన్షన్ పడకండి. ఎప్పుడైనా బతకాలని లేదనిపిస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, ఆ క్షణమే దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లండి.

ఈ వారం ఆమెను ఆఫీసు అయ్యాక కాసేపు నడుద్దామా అని అడిగి చూడండి. రానంటే, ఇంకొకరిని అడగండి. ఏమైందో నాకు మళ్లీ రాయండి.