‘డూమ్’ అంటే మొదట తీర్పే

ప్రశ్న: ఇంగ్లిషు పత్రికల్లో ‘డూమ్డ్’ అన్న క్రియారూపం తరచూ కనిపిస్తోంది. ‘డెస్టిన్డ్’ అన్నా ఇదే అర్థమా? ఈ మాట ఎలా పుట్టిందో తెలుపగలరు.

జవాబు: రెండూ ఒకటి కావు. ‘డెస్టిన్డ్’ మంచికీ చెడుకీ చెల్లుతుంది; ‘డూమ్డ్’ మాత్రం తప్పించుకోలేని చెడుకే. ఒకరు ప్రధాని కావడానికి ‘డూమ్డ్’ అని రాస్తే అది వ్యంగ్యమే అవుతుంది.

ప్రాచీన ఇంగ్లిషులో ‘డోమ్’ అనే నామవాచకానికి తీర్పు, శాసనం అని అర్థం. ‘భావించు’ అనే అర్థంలో నేడు వాడే ‘డీమ్’ దాని తోబుట్టువే. ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో న్యాయమూర్తిని ఇప్పటికీ ‘డీమ్‌స్టర్’ అనే పిలుస్తారు. ఇంగ్లండ్ రాజు విలియం 1086లో చేయించిన భూముల సర్వేకు ‘డూమ్స్‌డే బుక్’ అన్న పేరు రావడానికి కారణాన్ని 12వ శతాబ్దపు ఖజానా అధికారి రిచర్డ్ ఫిట్జ్‌నీల్ వివరించాడు: లోకాంతాన దేవుడు చెప్పే అంత్యదినపు (‘డూమ్స్‌డే’) తీర్పుపై అప్పీలు లేనట్టే, ఆ గ్రంథంలోని మాటకూ తిరుగులేదట. తీర్పు చెప్పడం శిక్ష విధించడంగా, అది క్రమంగా దుర్గతి నిర్ణయమైపోవడంగా మారి, నేటి క్రియ మిగిలింది.

తెలుగువారికి ఇందులో మరో ఆసక్తికరమైన సంగతి ఉంది. ‘డోమ్’కు మూలమైన ఇండో-యూరోపియన్ ధాతువు, ‘ఉంచు, నెలకొల్పు’ అనే అర్థమున్న సంస్కృత ‘ధా’ ధాతువు ఒకటేనని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. మన ‘విధి’ పుట్టింది ఆ ‘ధా’ నుంచే. అది కూడా నియమమనీ, తలరాత అనీ రెండర్థాలూ ఇస్తుంది.