ముందు కట్టెను చూడండి, మిషన్ సంగతి తర్వాత

కట్టెలు చీల్చే మిషన్ల మీద ఈమధ్య ఉత్తరాలు, వాట్సాప్ సందేశాలు ఎక్కువయ్యాయి. గొడ్డలి పట్టే మనిషి దొరకడం లేదన్నది అందరి బాధ. నేను కట్టెల అడితిలో పుట్టి పెరిగినవాణ్ణి. సమ్మెట, ఇనుప మేకు పెట్టి చింత మొద్దుల్ని విడదీసిన రోజులూ చూశాను, ఇప్పుడు అదే అడితిలో మిషన్ నడుస్తుండగానూ చూస్తున్నాను. ఒకేలా ఉన్న ప్రశ్నల్ని కలిపేసి జవాబులు రాస్తున్నాను.

ప్ర: అయ్యా, నమస్కారం. పెళ్లిళ్లకు, ఇతర శుభకార్యాలకు వంటలు చేయిస్తుంటాను. పెద్ద వంటలన్నీ గాడిపొయ్యి మీదే. హైడ్రాలిక్ మిషన్ కొందామనుకుంటే ఒకరు 10 టన్నులది చాలంటున్నారు, ఇంకొకరు 20 టన్నులకు తగ్గొద్దంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?
– కేటరింగ్ నడిపే పాఠకుడు, తణుకు

జ: ఆ ఇద్దరూ అసలు సంగతి అడగలేదు. మీరు వాడేది ఏ కట్టె? ఎంత పొడవు?

పొడవు దగ్గరే మొదలుపెడదాం, ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది అక్కడే. బయటి దేశాల నమూనాలో వచ్చే మిషన్లు చాలావరకు రెండడుగుల ముక్క పట్టేలా ఉంటాయి. వాళ్లు ఇంట్లో చలిమంటకు వేసుకునేది అడుగు, అడుగున్నర ముక్కలు. మన గాడిపొయ్యికి మూడడుగుల కట్టె ఉంటేనే వంట మేస్త్రికి చెయ్యాడుతుంది. ఒక కొస మండుతుంటే రెండో కొస పట్టుకుని లోపలికి తోస్తాడు, గుండిగలో పులుసు పొంగేలా ఉంటే బయటికి లాగుతాడు. పొట్టి ముక్కలిస్తే ఏం పట్టుకు లాగుతాడు? చెయ్యి కాల్చుకుని, ఆ కోపం మీ మీద చూపిస్తాడు. అందుకే మూడడుగుల దుంగ పడుకునేంత బెడ్ ఉన్న మిషనే చూడండి, దొరక్కపోతే మంచి వర్క్‌షాపులో చేయించుకోండి. బ్లేడు మాత్రం ఆ మూడడుగులూ నడవక్కర్లేదు. తిన్నని కట్టె బ్లేడు అడుగు లోపలికి దిగేసరికే చివరిదాకా విచ్చుకుంటుంది. 600 మిల్లీమీటర్ల స్ట్రోక్, అంటే బ్లేడు ముందుకు నడిచే దూరం, చాలు. మెలిక తిరిగిన కట్టె చివర అతుక్కుని ఉండిపోతే, తిప్పి రెండో కొస నుంచి పెట్టండి.

ఇక టన్నులు, అంటే బ్లేడును తోసే బలం. పంపు నూనెను ప్రెషర్‌తో సిలిండర్‌లోకి పంపితే, లోపలి పిస్టన్ బ్లేడును కట్టెలోకి నెడుతుంది. అమ్మేవాళ్లు చెప్పే అంకె పక్కనపెట్టి, సిలిండర్ లోపలి వ్యాసం ఎంత, పంపు ప్రెషర్ ఎంత అని అడగండి. 100 మిల్లీమీటర్ల సిలిండర్ అయితే లోపలి పిస్టన్ వైశాల్యం 78.5 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 180 కిలోల ప్రెషర్ ఇస్తే 14 టన్నుల తోపు వస్తుంది. అదే సిలిండర్ చూపించి 20 టన్నులంటే, ప్రెషర్ 250 దాటాలి. ఆ పంపు, ఆ పైపులు అంత తట్టుకుంటాయా అని అడిగి చూడండి, మాట మారుస్తారు. 80 మిల్లీమీటర్లదైతే అదే ప్రెషర్‌కు 9 టన్నులు, 125దైతే 22 టన్నులు. ఈ లెక్క చీటీ మీద రాసుకుని జేబులో పెట్టుకెళ్లండి.

మీరు సరుగుడు, జామాయిల్, సుబాబుల్ వాడేట్టయితే 9, 10 టన్నులు ధారాళంగా సరిపోతాయి. మామిడి కూడా ఫర్వాలేదు, కొమ్మలు విడిపోయే చోటు తప్ప. చేవదేలిన చింత, ముసలి వేప మాత్రం వేరే కథ. వాటి లోపల నార ఒక దారిన పోదు, జడలా అల్లుకుని ఉంటుంది. అవి కూడా వస్తుంటాయంటే 14 టన్నులది తీసుకోండి. అంతకు మించి మీకు అక్కర్లేదని నా అభిప్రాయం. తోపు పెరిగేకొద్దీ, అదే మోటారు మీద వేగం తగ్గుతుంది.

వేగం సంగతీ వినండి. 100 మిల్లీమీటర్ల సిలిండర్ 600 మిల్లీమీటర్లు ముందుకు పోవాలంటే 4.7 లీటర్ల నూనె పట్టాలి. నిమిషానికి 20 లీటర్లిచ్చే పంపయితే 14 సెకన్లు. కానీ అంత నూనెను 180 ప్రెషర్‌తో తోయాలంటే 8 హెచ్‌పీ దాకా కావాలి, 5 హెచ్‌పీ మోటారు మూలుగుతుంది. అందుకే టూ స్టేజ్ పంపు అడగండి. ఖాళీగా నడిచేటప్పుడు నూనె ఎక్కువ, ప్రెషర్ తక్కువ ఇచ్చి గబగబా పోతుంది. బ్లేడు కట్టెకు తగిలి బిగుసుకోగానే నూనె తగ్గించి ప్రెషర్ పెంచుతుంది. రోజంతా పని చేసేవాళ్లకు తేడా తెలిసేది ఇక్కడే. మోటారు పొలం కరెంటు మీద నడపాలని మాత్రం అనుకోకండి, ఆ కనెక్షన్ నీళ్ల పంపుకే.

ఇంత చెప్పాక అసలు కిటుకు చెబుతాను. పచ్చిగా ఉన్నప్పుడే చీల్చేయండి. జామాయిల్, చింత ఎండితే రాయి అయిపోతాయి, పచ్చిమీద సగం కష్టంతో విడిపోతాయి. పైగా చీల్చిన కట్టే త్వరగా ఎండుతుంది, దుంగగా ఉంచితే బెరడు లోపల తేమ నెలల తరబడి కదలదు. దసరా వెళ్లాక చీల్చి, ఇటుకల మీద నేలకు అంటకుండా, గాలి ఆడేలా పేర్చి, పైన మాత్రమే రేకు కప్పండి. పక్కలు కప్పితే ముక్కిపోతుంది. మాఘమాసం ముహూర్తాలకు పొగ లేకుండా మండుతుంది.

పెద్ద మొద్దును నడిమధ్య పెట్టి మిషన్‌తో కుస్తీ పట్టొద్దు. కోసిన తల మీద ఎండకు పడిన నెర్రెలు కనిపిస్తాయి, బ్లేడు ఆ గీత మీదికి రావాలి. అయినా మొరాయిస్తే అంచు నుంచి నాలుగు వేళ్ల మందం చొప్పున చుట్టూ వొలుచుకుంటూ రండి. ముడి ఉన్న వైపు చివరికి మిగిలేలా చూసుకోండి.

ఇంకొకటి. పెరడు ఖాళీ చేయించినవాళ్లు ఊరికే ఇచ్చారని గన్నేరు కట్టె వంటపొయ్యిలోకి రానివ్వకండి. దాని పొగ కూడా విషమే.

ప్ర: మాకు రెండు పొగాకు బ్యారన్లు ఉన్నాయి. కట్టె చీల్చి వేస్తే తొందరగా కాలిపోతుంది, లావు దుంగలు వేస్తే రాత్రంతా మండుతుంది, మిషన్ దండగ అంటారు మా నాన్నగారు. మీరేమంటారు?
– రైతు, దేవరపల్లి

జ: మీ నాన్నగారి మాట సగం నిజం. లావు దుంగ నిదానంగా కాలుతుంది, కాదనను. కానీ ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్‌లో మీకు కావలసింది నిదానం కాదు, మంట చెప్పినట్టు వినడం. ఆకు పండు రంగుకు తిరిగేటప్పుడు లోపల 35 డిగ్రీల అటూఇటూగా నిలబడాలి. ఆకు ఆరేటప్పుడు మెల్లగా పెంచుకుంటూ పోవాలి. ఈనె ఆరే చివరి దశలో 70 డిగ్రీల దాకా వెళ్లాలి. పచ్చి దుంగ గొట్టాల పొయ్యిలో పొగలు కక్కుతూ కూర్చుంటే, మీరు పెంచాలనుకున్నప్పుడు వేడి పెరగదు. పెరగాల్సిన వేడి పడిపోతే ఆకు రంగు పోతుంది. వేలం ప్లాట్‌ఫారం మీద ఆ రంగుకు ఎంత కోత పడుతుందో మీకు నేను చెప్పాలా?

మొదటి రెండు దశలకూ మణికట్టు లావు చీలికలు వాడండి. చివరి దశలో వేడి నిలబెట్టడానికి బాగా ఎండిన లావు దుంగలు వేసుకోవచ్చు, అక్కడ మీ నాన్నగారిదే గెలుపు. రెండు బ్యారన్లకు సొంత మిషన్ మాత్రం దండగే. నలుగురు రైతులు కలిసి ట్రాక్టర్ హైడ్రాలిక్‌కు తగిలించేది ఒకటి తీసుకుంటే, సీజన్ మొదలయ్యే ముందే అందరి కట్టే చీల్చి పేర్చుకోవచ్చు. ట్రాక్టర్ నూనె పంపు ప్రెషర్ ఎంతో మాన్యువల్‌లో చూసి దానికి తగ్గ సిలిండర్ వేయించండి. కట్టె కోసం గట్టు మీది చెట్లు కొట్టించేట్టయితే, 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి అవసరమేమో ముందే కనుక్కోండి.

ప్ర: ట్రాక్టర్ పీటీఓకు (ఇంజిన్‌తో వెనక తిరిగే షాఫ్టుకు) తగిలించే స్క్రూ మిషన్ చాలా చవగ్గా దొరుకుతోంది. తిరిగే కోను కట్టెలోకి దిగి చీల్చేస్తుంది. కొనొచ్చా?
– ఖమ్మం నుంచి ఒకరు

జ: వద్దు. హైడ్రాలిక్ మిషన్‌లో లివర్ వదిలితే బ్లేడు ఆగుతుంది. స్క్రూ మీ కోసం ఆగదు. ముడిలో ఇరుక్కుంటే దుంగే గిర్రున తిరిగి మోకాళ్ల మీదికి వస్తుంది. లుంగీ కొసో, కండువానో, చీర కొంగో చుట్టుకుందంటే ఇంజిన్ ఆపేవాడు సీటు దగ్గరికి చేరేలోపే అయిపోతుంది. మన దగ్గర ఆ పని చేసేవాళ్లు వేసుకునే బట్టలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. చవక అన్న మాట నాకు చెప్పకండి.

ప్ర: అంకుల్, మేం మిషిగన్‌లో ఉంటాం. పెరట్లో యాష్ చెట్టు చచ్చిపోతే కొట్టించాం. దుంగలు అలాగే ఉన్నాయి. చిన్న ఎలక్ట్రిక్ స్ప్లిటర్ కొనాలా, పెద్దది అద్దెకు తేవాలా? కొన్ని కట్టెలు క్యాంపింగ్‌కి కూడా పట్టుకెళ్దామనుకుంటున్నాం.

జ: క్యాంపింగ్ మాట ముందు మానుకో అమ్మా. మీ యాష్ చెట్టును చంపింది చాలావరకు ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చ పురుగే అయి ఉంటుంది. ఆసియా నుంచి వచ్చిన ఆ పురుగును అమెరికాలో మొదట గుర్తించింది మీ మిషిగన్‌లోనే, 2002లో. దాని పిల్లలు బెరడు కింద ఉంటాయి, కట్టె ఎక్కడికి పోతే అవీ అక్కడికి పోతాయి. ఇంట్లోనే కాల్చుకోండి. క్యాంపు దగ్గర కావాలంటే అక్కడి కట్టె అక్కడే కొనుక్కోండి.

యాష్ తిన్నగా చీలే చెట్టు, మిషన్‌కు పెద్దగా పని పెట్టదు. ఒక్క చెట్టే అయితే పెట్రోల్ ఇంజిన్‌ది ఒక రోజుకు అద్దెకు తెచ్చుకుని ముగించండి. ఏటా ఇదే పని ఉంటే, కొమ్మల లావు పది అంగుళాలు దాటకపోతే, ఐదు టన్నుల ఎలక్ట్రిక్‌ది సరిపోతుంది. అద్దె మిషన్‌లో బెడ్‌ను నిలువుగా తిప్పే ఏర్పాటు ఉందేమో చూసుకోండి. అలా ఉంటే బరువైన మొద్దును ఎత్తక్కర్లేదు, దొర్లించి బ్లేడు కింద నిలబెడితే చాలు. నడుము పట్టేశాక అక్కడ డాక్టర్ అపాయింట్‌మెంట్ ఎప్పుడు దొరుకుతుందో మా అమ్మాయి చెబుతుంటుంది.

చీల్చిన వెంటనే ఫైర్‌ప్లేస్‌లో వేయకండి. తేమ 20 శాతం లోపుకు రావాలి. చిన్న మీటర్ దొరుకుతుంది, కానీ దాన్ని బయట ఎండిన కొస మీద గుచ్చి మురిసిపోవద్దు. ఒక ముక్కను మళ్లీ చీల్చి, కొత్తగా బయటపడ్డ ముఖం మీద గుచ్చి చూడాలి. తడి కట్టె పొగ చిమ్నీ లోపల తారులా పేరుకుంటుంది. ఏదో ఒక రోజు అదే అంటుకుంటుంది.

ప్ర: మావారు లివర్ దగ్గర నిలబడితే, ఇంటర్ చదివే మా అబ్బాయి దుంగలు పెడుతుంటాడు. పని తొందరగా అవుతుందంటారు. నాకేమో చూస్తుంటేనే టెన్షన్. నాది అనవసర భయమా?
– గృహిణి, జంగారెడ్డిగూడెం

జ: ఎంతమాత్రం కాదమ్మా. వేళ్లు పోయేది ఇలాగే. ఒకరి చెయ్యి దుంగ మీద, ఇంకొకరి చెయ్యి లివర్ మీద ఉండకూడదు. పెట్టినవాడే లివర్ నొక్కాలి. రెండో మనిషి దుంగలు తెచ్చి పక్కన పడేయడం, చీలికలు తీసుకెళ్లి పేర్చడం వరకే. అదీ మిషన్ ఆగి ఉన్నప్పుడు. రెండు చేతులతో పట్టుకుంటే తప్ప నడవని మిషన్లు ఉన్నాయి. మీది అలాంటిదే అయితే, ఒక లివర్‌ను సైకిల్ ట్యూబుతో కట్టేశారేమో ఒకసారి వెళ్లి చూడండి. కట్టేసి ఉంటే విప్పించండి, మీవారు ఏమైనా అంటారేమోనని మొహమాటపడొద్దు. అబ్బాయికి చెప్పులు కాదు, బూట్లు. వదులు గ్లౌజులు వద్దు, బిగుతుగా ఉండే తోలువి కావాలి. కళ్లద్దాలు ఇద్దరికీ. ఎండిన సరుగుడు విచ్చుకునేటప్పుడు పెళుసు ముక్క ఎటు ఎగురుతుందో చెప్పలేం. ఇరుక్కున్న దుంగను చేత్తో లాగడం, కాలితో తన్నడం వద్దు. బ్లేడు పూర్తిగా వెనక్కి వచ్చాక తిప్పి పెట్టాలి.

ప్ర: మిషన్ కొని ఏడాది అయింది. వానల తర్వాత నూనె పాలలా తెల్లబడింది, సిలిండర్ కుదుపులుగా కదులుతోంది. పైపు దగ్గర ఎక్కడో సన్నగా చిమ్ముతున్నట్టుంది. ఇంట్లో చేసుకోగలమా?
– పాఠకుడు, నర్సీపట్నం

జ: తెల్లబడిందంటే నీళ్లు చేరాయి. టాంకు మూత, గాలి రంధ్రం వానకు తెరిచి ఉన్నాయేమో చూడండి. ఆ నూనె అంతా తీసేసి, ఫిల్టర్ మార్చి, కొత్త నూనె పోయండి. మన ఎండలకు 68 గ్రేడ్ నయం, అయినా ముందు పంపు కంపెనీ చెప్పింది చూడండి. కుదుపులు గాలి చేరడం వల్ల కావచ్చు. నూనె నింపాక, కట్టె లేకుండా సిలిండర్‌ను నాలుగైదుసార్లు పూర్తిగా ముందుకు, వెనక్కి నడిపితే చాలావరకు పోతుంది. తగ్గకపోతే పంపుకు నూనె లాగే పైపు బిగింపులు చూడాలి. ఇంతవరకు మీరు చేసుకోవచ్చు.

చిమ్ముతున్న చోటు వెతకడానికి మాత్రం చెయ్యి పెట్టొద్దు. అట్టముక్క పట్టుకుని పైపు వెంట జరపండి, చిమ్మే చోట అట్ట మీద నూనె గీత పడుతుంది. సూదిమొన అంత రంధ్రం నుంచి వచ్చే నూనె ఆ ప్రెషర్‌కు చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినంత చుక్కే కనబడుతుంది, నొప్పి కూడా మొదట పెద్దగా ఉండదు. అలాంటిది జరిగితే పసుపు అద్ది ఊరుకోకుండా వెంటనే సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లి, హైడ్రాలిక్ నూనె ప్రెషర్‌తో చేతిలోకి పోయిందని ఆ మాటల్లోనే చెప్పండి. గంటలు గడిస్తే వేలు పోవచ్చు. పైపుకు టేపు చుట్టి నడపడం కూడా కుదరదు. మోటారు ఆపి, లివర్ అటూఇటూ కదిపి ప్రెషర్ దింపేశాక పైపు విప్పి, అదే రేటింగ్ ఉన్నది కొత్తది వేయించండి.