అమ్మానాన్న భువనేశ్వర్‌లో, అమ్మాయి హైదరాబాద్‌లో
పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

బదిలీ ఉత్తర్వులు వచ్చేది, పిల్లల చదువు మలుపు తిరిగేది దాదాపు ఒకే కాలంలో. అందుకే ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ ఒకే చిక్కు గురించి. ఇల్లు మరో రాష్ట్రానికి మారుతోంది, పిల్ల మాత్రం ఇక్కడే చదువుకోవాలి. వాటిలో ఐదింటికి జవాబులు ఇవి.

ప్రశ్న: కేంద్ర ప్రభుత్వ ఉద్యోగిని. హైదరాబాద్ నుంచి భువనేశ్వర్‌కు బదిలీ అయింది. మా అమ్మాయి ఎంపీసీ మొదటి సంవత్సరం పూర్తి చేసింది. తొమ్మిది, పది కూడా ఇక్కడే చదివింది. వెంట తీసుకెళ్లమని మావాళ్లు, హాస్టల్లో వేయమని కాలేజీవాళ్లు అంటున్నారు. ఏం చేయమంటారు?
– కూకట్‌పల్లి

జవాబు: ఈ ఒక్క ఏడాది ఇక్కడే ఉంచండి. కాలేజీవాళ్లు చెప్పారని కాదు, లెక్క అలా ఉంది కాబట్టి.

మన ఇంటర్‌లో మొదటి సంవత్సరమే పబ్లిక్ పరీక్ష, ఆ మార్కులు మొత్తంలో కలుస్తాయి. చాలా రాష్ట్రాల్లో పదకొండో తరగతి పరీక్ష కాలేజీ స్థాయిలోనే ముగుస్తుంది. మధ్యలో బోర్డు మారితే ఇక్కడ తెచ్చుకున్న మార్కులు అక్కడ అక్కరకు రావు. సిలబస్ సర్దుకునేసరికి సగం ఏడాది పోతుంది.

రెండోది, అసలైనది, స్థానికత. 371–డి అధికరణ కింద వచ్చిన 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం విశ్వవిద్యాలయాల్లో, వాటికి అనుబంధంగా ఉన్న కాలేజీల్లో 85 శాతం సీట్లు స్థానికులవి. అర్హత పరీక్ష రాసే ఏడాదితో ముగిసేలా వరసగా నాలుగు విద్యా సంవత్సరాలు ఇక్కడ చదివి ఉండాలి. మీ అమ్మాయికి మూడు అయ్యాయి. నాలుగోది భువనేశ్వర్‌లో చదివితే చదివిన ఆ మూడూ వృథా. ‘సొంతిల్లు ఇక్కడే ఉంది, ఓటు ఇక్కడే ఉంది’ అని కౌన్సెలింగ్‌లో చెప్పి లాభం లేదు. బడికి వెళ్లిన పిల్లల విషయంలో చూసేది చదివిన చోటునే.

జేఈఈ రాస్తుందనుకుంటే మూడోది. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వారికి. అక్కడ సొంత రాష్ట్రమంటే పుట్టిన ఊరూ కాదు, తండ్రి ఉద్యోగం చేసే చోటూ కాదు, పన్నెండో తరగతి పాసైన రాష్ట్రం. ఇక్కడ పాసైతే వరంగల్, ఒడిశాలో పాసైతే రూర్కెలా. (డీమ్డ్ విశ్వవిద్యాలయాల్లోనే చేర్పించాలని ముందే నిర్ణయించుకున్నవారికి ఈ స్థానికత గొడవేమీ లేదు.)

సామాను సర్దకముందు ఒక రోజు కేటాయించి స్టడీ సర్టిఫికెట్లు తెచ్చుకోండి. కౌన్సెలింగ్‌లో ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా అడుగుతారు. ‘6 నుంచి 9 వరకు చదివింది’ అని ఒక్క ముక్కలో రాసిస్తే తీసుకోకండి. ప్రతి తరగతికీ ఎదురుగా విద్యా సంవత్సరం ఉండాలి. పేరు, ఇంటిపేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా ఉండాలి. బడి మూతపడినా, యాజమాన్యం మారినా తర్వాత ఆ కాగితం కోసం మండల విద్యాధికారి కార్యాలయం చుట్టూ తిరగాలి. భువనేశ్వర్ నుంచి వచ్చి తిరగడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు.

హాస్టల్ విషయంలో మీకో వెసులుబాటు ఉంది. కేంద్ర ఉద్యోగులకు పన్నెండో తరగతి వరకు హాస్టల్ సబ్సిడీ వస్తుంది. నెలకు ₹6,750గా ఉన్న పరిమితి, డీఏ 50 శాతానికి చేరడంతో 2024 జనవరి 1 నుంచి ₹8,437.50 అయింది. ఖర్చు అంతకన్నా తక్కువైతే ఖర్చు మేరకే ఇస్తారు. మీ నివాసానికి కనీసం 50 కిలోమీటర్ల దూరంలో పిల్ల ఉండాలి. ఇది మీకు సమస్య కాదు. చాలామంది దెబ్బతినేది రెండో షరతు దగ్గర. చదువు, వసతి, భోజనం మూడూ ఒకే విద్యాసంస్థవి అయి ఉండాలి. కాలేజీ ఒకచోట, వీధి చివర ప్రైవేటు లేడీస్ హాస్టల్ మరోచోట అయితే క్లెయిము నిలవదు. అందుకని చేర్పించేటప్పుడే రసీదులో వసతి, భోజనం ఖర్చు విడిగా చూపించమనండి. ఏడాది చివర ప్రిన్సిపాల్ ఇచ్చే ధ్రువపత్రంలోనూ ఆ అంకె ఉండాలి. ‘మొత్తం ఫీజు’ అని ఒకే అంకె వేసిన రసీదును ఆఫీసులో తిప్పి పంపుతారు.

ప్రశ్న: విజయవాడలో ఉంటున్నాం. మావారి కంపెనీ హైదరాబాద్‌కు మారింది. బాబు ఇక్కడే పదో తరగతి పాసయ్యాడు. ఎలాగూ వెళ్తున్నాం, ఇంటర్ హైదరాబాద్‌లో వేద్దామా? రెండూ తెలుగు రాష్ట్రాలే కదా!
– పటమట

జవాబు: చదువు లెక్కలో హైదరాబాద్ మీకిప్పుడు భువనేశ్వర్ ఎంత దూరమో అంతే దూరం. విభజన తర్వాత ఉమ్మడి ప్రవేశాలకు ఇచ్చిన పదేళ్ల గడువు 2024 జూన్ 2తో ముగిసింది. తొమ్మిది, పది విజయవాడలో, ఇంటర్ రెండేళ్లు హైదరాబాద్‌లో చదివితే నాలుగేళ్ల లెక్క అక్కడా కుదరదు, ఇక్కడా కుదరదు. రెంటికీ చెడ్డ రేవడి అవుతాడు. తల్లిదండ్రులు ఆంధ్రప్రదేశ్‌లో పదేళ్లు ఉన్నట్టు ధ్రువపత్రం తెచ్చుకుని మిగిలిన 15 శాతంలో పోటీ పడవచ్చు కానీ, అందులో స్థానికులు కూడా ఉంటారు.

వైద్య సీట్లలో తెలంగాణ ఇంకా గట్టిగా ఉంది. తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లు అక్కడ చదివి ఉండాలన్న 2024 నాటి నిబంధనను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. కాబట్టి బాబు ఇంటర్ ఆంధ్రప్రదేశ్‌లోనే పూర్తి చేయడం మేలు. ఇంకో మాట, ఆంధ్రప్రదేశ్‌లోనే రెండు ప్రాంతాలున్నాయి. చౌకని చూసి హాస్టల్ కోసం నెల్లూరో తిరుపతో పంపితే ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిధి దాటి వెంకటేశ్వర విశ్వవిద్యాలయం పరిధిలోకి వెళ్తాడు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో చూసుకోండి. ఎనిమిదో తరగతి పూర్తయిన పిల్లలున్నవాళ్లకైతే జవాబు తిరగబడుతుంది. వెంట తీసుకెళ్లి తొమ్మిది నుంచి అక్కడే చదివిస్తే నాలుగేళ్లు నిండుతాయి.

ప్రశ్న: నల్గొండ నుంచి బెంగళూరు వెళ్తున్నాం. బాబు బైపీసీ రెండో సంవత్సరం, నీట్ రాస్తాడు. హాస్టల్లో ఫోను ఉండనివ్వరు. నేను కొత్త నంబరు తీసుకోవచ్చా? మేం బీసీ–డి.
– నల్గొండ

జవాబు: నంబరు మార్చకండి. బాబు ఆధార్‌కు, పరీక్షల దరఖాస్తుకు, కాలేజీ రికార్డుకు ఉన్నది మీ నంబరే అయి ఉంటుంది. ఓటీపీ అంతా దానికే వస్తుంది. కంపెనీ నచ్చకపోతే పోర్ట్ చేసుకోండి. 2015 జులై నుంచి రాష్ట్రం మారినా అదే నంబరు కొనసాగించుకోవచ్చు. ఈమెయిల్ ఒకటి బాబు పేరున తెరిచి, పాస్‌వర్డ్ ఇంట్లో ఇద్దరి దగ్గరా కాగితం మీద ఉంచండి. నీట్, కౌన్సెలింగ్ రెంటికీ అదే ఇవ్వండి.

దరఖాస్తులో పొరపాటు జరిగేది చిరునామా దగ్గర. ఇచ్చిన చిరునామాను బట్టే పరీక్ష నగరాల జాబితా వస్తుంది. శాశ్వత, ప్రస్తుత చిరునామాలు రెండు చోట్లా బెంగళూరు ఇల్లు రాస్తే నల్గొండ పిల్లాడు కర్ణాటకలో పరీక్ష రాయాల్సి వస్తుంది. ప్రస్తుత చిరునామాగా హాస్టల్‌ది రాయండి. మీ ఆధార్ చిరునామా బెంగళూరుకు మార్చుకున్నా, బాబుది ఈ ఏడాదికి కదపకండి. అయితే 15 ఏళ్లు దాటాక వేలిముద్రలు, ఫొటో కొత్తగా ఇచ్చాడో లేదో చూడండి. ఐదేళ్లప్పటి ఫొటోతో పరీక్ష హాలు గుమ్మం దగ్గర నిలబడితే బిడ్డే కంగారు పడతాడు. 17 నిండేలోపు ఇది ఉచితం.

బీసీ–డి మన రాష్ట్ర వర్గీకరణ, కర్ణాటకలో పనికిరాదు. అఖిల భారత కోటాకు కేంద్ర ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం కావాలి. అది సొంత ఊరి తహసీల్దారే ఇస్తారు, మీసేవలో దరఖాస్తు చేయాలి. కిటుకేమిటంటే, ఇప్పుడు తీసుకుని పెట్టుకుంటే చెల్లదు. ఇలాంటి పత్రాలను ఆర్థిక సంవత్సరం చొప్పున చూస్తారు కాబట్టి ప్రవేశాలు జరిగే ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నదై ఉండాలి. ఏప్రిల్ మొదటి వారంలోనే దరఖాస్తు పెట్టేలా ఊళ్లో ఒకరికి కాగితాలన్నీ అప్పగించి వెళ్లండి: పాత కుల ధ్రువపత్రం, మీ జీతం వివరాలు, ఆధార్ నకళ్లు, రేషన్ కార్డు ఉంటే దాని నకలు.

ప్రశ్న: వరంగల్ నుంచి నాగపూర్ వెళ్తున్నాం. మావాడు బీటెక్ మొదటి సంవత్సరం, 17 ఏళ్లు నిండాయి. నా యాక్టివా వాడికి వదిలి, కారు మేం తీసుకెళ్లాలని ఉంది.
– హనుమకొండ

జవాబు: పద్దెనిమిది నిండేదాకా తాళంచెవి మీతో తీసుకెళ్లండి. 16 ఏళ్లకు లైసెన్సు వచ్చేది గేర్లు లేని 50 సీసీ లోపు బండికే. యాక్టివా దానికి రెట్టింపు మించి ఉంటుంది. మైనరు నడుపుతూ దొరికితే 2019 సవరణ ప్రకారం శిక్ష బండి యజమానికి, అంటే మీకు: మూడేళ్ల వరకు జైలు, ₹25,000 జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది, వాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.

పద్దెనిమిది నిండిన వారంలో లెర్నింగ్ లైసెన్సు తీసుకోమనండి. 30 రోజుల తర్వాత, ఆరు నెలల్లోపు పక్కా లైసెన్సు. అప్పుడు బండిని ఫారం 29, 30లతో వాడి పేరుకు మార్చండి. ఇది చాదస్తం కాదు. బీమాలో ఉండే ₹15 లక్షల వ్యక్తిగత ప్రమాద రక్షణ, బండి ఎవరి పేరున ఉందో ఆ యజమానికే. మీ పేరున ఉన్న బండి మీద వాడికి ఏమైనా అయితే ఆ సొమ్ము రాదు.

కారు సంగతి వేరు. 12 నెలలకు మించి మహారాష్ట్రలో ఉంచితే అక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి. వెళ్లేముందే ఫారం 28తో నిరభ్యంతర పత్రం తీసుకోండి. అప్పు ఉంటే బ్యాంకు సమ్మతి పత్రం, ఛాసిస్ నంబరు పెన్సిల్ ముద్ర, చలాన్లన్నీ కట్టేసిన రుజువు అడుగుతారు. అక్కడ పన్ను కట్టాక, ఇక్కడ కట్టిన జీవితకాల పన్నులో మిగిలిన కాలానికి వాపసు కోరవచ్చు. అక్కడి రసీదు లేకుండా ఇక్కడ అడిగితే పని జరగదు.

ప్రశ్న: కాకినాడలో మా అమ్మాయి బీటెక్ రెండో సంవత్సరం, 19 ఏళ్లు. మేం రాయ్‌పూర్ వెళ్తున్నాం. ఖర్చులకు నా ఏటీఎం కార్డు ఇచ్చేస్తే సరిపోతుందా? ఒంట్లో బాగాలేకపోతే? పండగలకు రావడం ఎలా?
– కాకినాడ

జవాబు: కార్డు ఇవ్వకండి. పిన్ మీరే చెప్పారు కాబట్టి రేపు ఏదైనా తేడా వస్తే బ్యాంకు మీ మొర వినదు. అమ్మాయి ఖాతా మైనరుగా ఉన్నప్పుడు తెరిచిందైతే, 18 నిండాక కొత్త సంతకం, కేవైసీ ఇచ్చిందో లేదో ముందు చూడండి. ఇవ్వకపోతే ఫీజు కట్టే రోజునే ఆ ఖాతా ఆగిపోతుంది.

హాస్టల్, మెస్ ఫీజు మీరే నేరుగా కాలేజీకి కట్టి, చేతి ఖర్చు మాత్రం నెలకోసారి ఆమె ఖాతాలో వేయండి. రెండూ కలిపి పంపితే మెస్ బకాయి సంగతి హాల్‌టికెట్ ఆపినప్పుడు తెలుస్తుంది. అత్యవసరానికి యూపీఐ సర్కిల్ పెట్టుకోండి. మీ ఖాతా నుంచి ఆమె ఫోనుతో చెల్లించవచ్చు. పూర్తి అనుమతి ఇస్తే ఒక్కోసారి ₹5,000, నెలకు ₹15,000 మించదు. ప్రతిసారీ మీ ఆమోదం అడిగే పద్ధతి కూడా ఉంది కానీ, ఆసుపత్రి కౌంటర్ దగ్గర మీరు ఫోను ఎత్తకపోతే పని ఆగుతుంది. పూర్తి అనుమతే నయం.

ఆరోగ్య బీమా కుటుంబమంతటికీ ఒకటే అయితే, కాలేజీకి దగ్గర్లో నగదు లేకుండా చేర్చుకునే ఆసుపత్రులు రెండింటి పేర్లు ఇప్పుడే వెతికి ఇవ్వండి. బీమా కార్డు ఆమె ఫోన్లోనూ, నకలు పెట్టెలోనూ ఉండాలి. పిల్లల్ని ఏ వయసు దాకా కలుపుకుంటారో పాలసీలో చూడండి, చాలావాటిలో 25 ఏళ్లు. హాస్టల్ ఫారంలో లోకల్ గార్డియన్‌గా రాసే బంధువు అదే ఊళ్లో, అర్ధరాత్రి అరగంటలో రాగలిగేవారై ఉండాలి. పెద్దరికం చూసి రాజమండ్రిలో ఉన్న మేనమామ పేరు రాయకండి. ఫొటో, సంతకం వార్డెన్ దగ్గర ముందే ఇప్పించండి. లేకపోతే వచ్చినా పంపరు. మీ అమ్మాయి మేజరు కాబట్టి ఆపరేషన్‌కు ఆమె సంతకం చాలు. మైనరు పిల్లలున్నవాళ్లు మాత్రం, వైద్యానికి అంగీకారం తెలిపే అధికారం ఆ బంధువుకు ఇస్తూ ఇద్దరూ సంతకం చేసిన ఉత్తరం, తమ ఆధార్ నకళ్లతో వదిలి వెళ్లాలి.

రైలు టికెట్లు 60 రోజుల ముందు తెరుస్తారు, ప్రయాణం రోజు లెక్కలోకి రాదు. సంక్రాంతికి జనవరి 11న బయల్దేరాలంటే నవంబరు 12 ఉదయం 8 గంటలకు కూర్చోవాలి. తిరుగు టికెట్టు తేదీ వేరు కాబట్టి ఇంకోరోజు మళ్లీ కూర్చోవాలి. బుకింగ్ తెరవగానే తీసుకునే వీలు ఆధార్ ధ్రువీకరణ పూర్తయిన ఐఆర్‌సీటీసీ ఖాతాలకే, తత్కాల్‌కూ అదే నియమం. ఆమె పేరున సొంత ఖాతా తెరిపించి, ఆధార్ కలిపే పని ఇప్పుడే చేయించండి. పరీక్షల తేదీలు నవంబరుకల్లా చెప్పరు కాబట్టి 11న ఒకటి, 12న ఒకటి తీసుకుని, అక్కర్లేనిది వీలైనంత ముందే రద్దు చేస్తే పోయేది తక్కువ.